ఒకే ఇంట్లో పొత్తు కుదరని స్మార్ట్ దీపాలు: కలిపి నడిపించడం ఎలా?

బల్బు ఒక సంస్థది, స్విచ్చు మరొక సంస్థది, గోడలోని తీగలు బిల్డరు వేయించినవి. విడివిడిగా చూస్తే అన్నీ సక్రమంగానే పనిచేస్తాయి. ఒక్క ఆజ్ఞతో ఇంటి దీపాలన్నీ ఆర్పాలనుకుంటే మాత్రం ఏదో ఒకటి మొరాయిస్తుంది. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, గ్రేటర్ నోయిడా ప్రాంతాలలో కొత్త ఫ్లాటు కొనుక్కున్నవారికీ, పాత ఇంటిని కొద్దికొద్దిగా ఆధునికీకరించుకుంటున్నవారికీ ఈ చిక్కు పరిచితమే. ఒక్కో గదికి ఒక్కో యాప్ తెరవవలసి వచ్చినప్పుడు, సౌకర్యం కోసం పెట్టిన ఖర్చే అసౌకర్యానికి కారణమవుతుంది. ఇంట్లో వృద్ధులుంటే ఆ ఇబ్బంది మరింత తీవ్రం. ఉన్న పరికరాలను వీలైనంతవరకు పారవేయకుండా, వాటి మధ్య పొత్తు కుదిర్చే మార్గాలను ఈ కథనంలో తెలుసుకుందాం.

చిక్కు ఎక్కడుంది?

రెండు పరికరాలు కలిసి పనిచేయాలంటే మూడు అంశాలు కుదరాలి. మొదటిది, రెండింటికీ ఒకే రకమైన రేడియో లేదా ఒకే తీగ ఉండాలి. రెండవది, ఆ రేడియోపై మాట్లాడుకునే భాష ఒకటే కావాలి. మూడవది, ఒకదాని ఆజ్ఞను స్వీకరించడానికి మరొకదానికి అనుమతి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా దీపం స్పందించదు.

మార్కెట్లో లభించే స్మార్ట్ దీపాలలో కొన్ని నేరుగా ఇంటి వైఫైకి అనుసంధానమవుతాయి. కొన్ని జిగ్బీ పద్ధతిలో పనిచేస్తాయి; వాటికి మధ్యవర్తిగా ఒక చిన్న పెట్టె కావాలి. దానినే హబ్ అనీ, బ్రిడ్జి అనీ అంటారు. మరికొన్నింటికి బ్లూటూత్ ఆధారం. జెడ్-వేవ్, థ్రెడ్ అనే పద్ధతులు కూడా ఉన్నాయి. జిగ్బీ, థ్రెడ్ రెండింటికీ ఆధారం ఐ.ఈ.ఈ.ఈ. 802.15.4 అనే ఒకే రేడియో ప్రమాణం. అయినా భాషలు వేరు కావడంతో ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు.

పెట్టెపై ఉన్న సంస్థ పేరు చూసి రెండు బల్బులు కలుస్తాయని భావించడం పొరపాటు. ఇందుకు చక్కని ఉదాహరణ ఫిలిప్స్ పేరుతో లభించే దీపాలే. 2012లో వచ్చిన హ్యూ శ్రేణి జిగ్బీపై పనిచేస్తుంది. విజ్ శ్రేణి వైఫైపై పనిచేస్తుంది. రెండింటినీ అందిస్తున్నది సిగ్నిఫై సంస్థే అయినా వాటి యాప్‌లు వేరు, పనిచేసే విధానం వేరు.

యాభై ఏళ్ల అన్వేషణ

ఇంటి దీపాలను దూరం నుంచి నియంత్రించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1975లో స్కాట్లాండ్‌కు చెందిన పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎక్స్-10 అనే పద్ధతిని రూపొందించింది. కొత్త తీగలు వేయనవసరం లేకుండా, ఇంట్లోని విద్యుత్ తీగల మీదుగానే సంకేతాలను పంపడం దాని ప్రత్యేకత. అదే దాని బలహీనత కూడా. ఇతర ఉపకరణాలు విద్యుత్ తీగలలో కలిగించే అలజడికి సంకేతాలు తప్పిపోయేవి.

ఐరోపాలో భారీ భవనాల కోసం ప్రత్యేకమైన నియంత్రణ తీగతో పనిచేసే వ్యవస్థలు వచ్చాయి. వాటిలో మూడింటి కలయికతో కె.ఎన్.ఎక్స్. రూపుదిద్దుకున్నది. ఆ తరువాత డెన్మార్క్‌లో పుట్టిన జెడ్-వేవ్, అనేక సంస్థల కూటమి రూపొందించిన జిగ్బీ ప్రాచుర్యం పొందాయి. వైఫై ఇంటింటికీ చేరిన తరువాత బల్బులు నేరుగా రౌటరుకే అనుసంధానమయ్యాయి. ప్రతి కొత్త పద్ధతి పాత సమస్యలలో ఒకదానిని తీర్చింది. కానీ అప్పటికే ఉన్న పద్ధతుల సంఖ్యకు మరొకటి జోడించింది.

విదేశాల నుంచి తెచ్చిన పరికరాలతో జాగ్రత్త

అమెరికాలో ఉన్న పిల్లలు, బంధువులు స్మార్ట్ స్విచ్చులు, బల్బులు తెచ్చి ఇవ్వడం తెలుగు కుటుంబాలలో సాధారణమైన విషయం. వాటిని బిగించే ముందు రెండు అంశాలను పరిశీలించాలి. మొదటిది వోల్టేజి. అమెరికా ఇళ్లలో దీపాలకు అందేది 120 వోల్టులు, మన దేశంలో 230 వోల్టులు. కేవలం అక్కడి వోల్టేజికే తయారైన పరికరాన్ని ఇక్కడ బిగిస్తే అది కాలిపోవడమే కాక అగ్నిప్రమాదానికీ దారితీయవచ్చు.

రెండవది రేడియో పౌనఃపున్యం. వైఫై, జిగ్బీ ఉపయోగించే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి మన దేశంలో 2005లోనే లైసెన్సు మినహాయింపు లభించింది. అదే సంవత్సరం 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీకి కూడా మినహాయింపునిచ్చారు. భారతదేశానికి ఉద్దేశించిన జెడ్-వేవ్ పరికరాలు ఈ రెండవ పట్టీలోనే పనిచేస్తాయి. అమెరికా జెడ్-వేవ్ పరికరాలు మాత్రం 908 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. మన దేశంలో అది మొబైల్ ఫోన్ సేవలకు కేటాయించిన పరిధి. కనుక ఆ పరికరాలు ఇక్కడి హబ్‌తో కలవవు సరికదా, వాటిని వాడటం నిబంధనలకు కూడా విరుద్ధం.

మ్యాటర్ తెచ్చిన మార్పు

ఈ చిక్కుముడిని విప్పేందుకు అమెజాన్, యాపిల్, గూగుల్ సంస్థలు, జిగ్బీ కూటమి 2019 డిసెంబరులో చేతులు కలిపాయి. ఈ ప్రయత్నానికి 2021 మే నెలలో మ్యాటర్ అని పేరు పెట్టారు. జిగ్బీ కూటమి కూడా అప్పుడే కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా పేరు మార్చుకున్నది. మ్యాటర్ తొలి ప్రమాణం 2022 అక్టోబరు 4న విడుదలయింది.

మ్యాటర్ అనేది కొత్త రేడియో కాదు. వైఫై, థ్రెడ్, ఈథర్‌నెట్ తీగ వంటి మార్గాలపై మాట్లాడే ఉమ్మడి భాష. మ్యాటర్ గుర్తు ఉన్న బల్బును ఆ గుర్తు ఉన్న ఏ ప్రధాన సంస్థ నియంత్రికతోనైనా జతచేయవచ్చు. పరికరంపై ఉండే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయడం ద్వారా గానీ, పక్కనే ముద్రించిన 11 అంకెల సంఖ్య ద్వారా గానీ ఈ జతచేయడం జరుగుతుంది. అదే బల్బు ఏకకాలంలో రెండు మూడు వ్యవస్థల ఆజ్ఞలను పాటించగలదు. భార్య ఐఫోన్, భర్త ఆండ్రాయిడ్ ఫోన్ వాడే ఇంట్లో ఈ వెసులుబాటు ఎంతో ఉపయోగకరం. రెండవ వ్యవస్థలో చేర్చేటప్పుడు మొదటి యాప్ నుంచి కొత్త కోడ్‌ను పొందవలసి ఉంటుంది.

ఆజ్ఞలు ఇంటి నెట్‌వర్క్‌లోనే ప్రయాణించడం మ్యాటర్‌లోని మరో ముఖ్యమైన అంశం. బయటి ఇంటర్‌నెట్ ఆగిపోయినా ఇంటి లోపలి నియంత్రణ కొనసాగుతుంది. మాటలతో ఇచ్చే ఆజ్ఞలకు మాత్రం చాలా స్పీకర్లకు ఇంటర్‌నెట్ అవసరమే.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పాత జిగ్బీ బల్బు దానంతట అది మ్యాటర్ బల్బుగా మారిపోదు. అయితే దాని బ్రిడ్జి దుబాసీ పాత్ర పోషించగలదు. హ్యూ బ్రిడ్జికి 2023 సెప్టెంబరులో ఇటువంటి సాఫ్ట్‌వేర్ నవీకరణ వచ్చింది. దానితో ఆ బ్రిడ్జికి అనుసంధానమైన పాత దీపాలు కూడా మ్యాటర్ వ్యవస్థలో చేరగలిగాయి. థ్రెడ్ ఆధారిత దీపాలకు బోర్డర్ రౌటర్ అనే పరికరం అదనంగా కావాలి. కొన్ని స్మార్ట్ స్పీకర్లలోనే అది ఇమిడి ఉంటుంది. ఇక రంగులు క్రమంగా మారడం వంటి ప్రత్యేక హంగులు తరచుగా ఆయా సంస్థల సొంత యాప్‌లకే పరిమితం. వెలిగించడం, ఆర్పడం, కాంతిని తగ్గించడం, రంగు మార్చడం వంటి మౌలికమైన పనులకు ఉమ్మడి భాష సరిపోతుంది.

తెలివి బల్బులోనా, స్విచ్చులోనా?

యాప్‌ల సంగతికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. స్మార్ట్ బల్బు పనిచేయాలంటే దానికి నిరంతరం విద్యుత్ అందుతూ ఉండాలి. ఇంట్లో ఎవరైనా అలవాటుగా గోడ స్విచ్చును ఆపివేస్తే ఆ బల్బు నెట్‌వర్క్ నుంచి మాయమవుతుంది. ఆ తరువాత ఏ యాప్ ఆజ్ఞా దానికి చేరదు. రెండు వ్యవస్థలు కలవడం లేదన్న ఫిర్యాదులలో అసలు కారణం కొన్నిసార్లు ఇదే.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. పగలూ రాత్రీ తెల్లని కాంతి చాలుననుకునే గదులలో సాధారణ ఎల్ఈడీ బల్బులనే ఉంచి, స్విచ్చు వెనుక స్మార్ట్ రిలే బిగించుకోవచ్చు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద పంపిణీ అయిన 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బుల వంటివి ఈ పద్ధతిలో యథాతథంగా ఉపయోగపడతాయి. గోడ స్విచ్చు ఎప్పటిలాగే పనిచేస్తుంది, యాప్ కూడా పనిచేస్తుంది. ఇంట్లో పెద్దలకు, పనివారికి, అతిథులకు కొత్తగా నేర్చుకోవలసినదేమీ ఉండదు. రంగులు, కాంతి స్థాయిలు మార్చుకోవాలనుకునే గదులలో స్మార్ట్ బల్బులు పెట్టి, వాటికి విద్యుత్ ఎప్పుడూ అందేలా చూసి, గోడకు బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ మీట అమర్చుకోవచ్చు.

స్మార్ట్ బల్బును కాంతి తగ్గించే డిమ్మరుకు అనుసంధానించడం మాత్రం తగదు. డిమ్మరు విద్యుత్ తరంగంలో కొంత భాగాన్ని కత్తిరిస్తుంది. దానితో బల్బులోని ఎలక్ట్రానిక్ భాగాలు తడబడతాయి. కాంతి మిణుకుమిణుకుమంటుంది, బల్బు త్వరగా చెడిపోవచ్చు.

స్విచ్చు బోర్డులో న్యూట్రల్ తీగ ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. ప్లగ్ సాకెట్ ఉన్న బోర్డులో అది తప్పక ఉంటుంది. కేవలం స్విచ్చు మాత్రమే ఉన్న చిన్న పెట్టెలలో లేకపోవచ్చు. న్యూట్రల్ అవసరం లేని స్మార్ట్ స్విచ్చులూ దొరుకుతాయి. అవి బల్బు గుండా స్వల్ప విద్యుత్‌ను తీసుకుంటాయి కనుక, ఆర్పిన తరువాత కూడా ఎల్ఈడీ బల్బు మసకగా వెలుగుతూ ఉండవచ్చు. బల్బు వద్ద ఒక చిన్న బైపాస్ పరికరాన్ని అమర్చితే ఈ లోపం సాధారణంగా తొలగుతుంది. మెట్ల వద్ద, మంచం పక్కన ఉండే టూ-వే స్విచ్చులకు అన్ని రిలేలూ సరిపోవు. ఆ అమరికకు అనువైనదని తయారీదారు పేర్కొన్న దానినే ఎంచుకోవాలి. బోర్డు లోపలి పనులను లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

కలిపేందుకు మూడు మార్గాలు

మొదటి మార్గం స్మార్ట్ స్పీకరు యాప్. ఆయా సంస్థల ఖాతాలను ఒకే యాప్‌లో అనుసంధానిస్తే అన్ని దీపాలూ ఒకచోట కనిపిస్తాయి. ఇది సులభమైనది, అదనపు ఖర్చు లేనిది. అయితే ఆజ్ఞ ముందుగా స్పీకరు సంస్థ సర్వరుకు, అక్కడి నుంచి బల్బు సంస్థ సర్వరుకు, ఆ తరువాత తిరిగి ఇంటికి చేరుతుంది. రెండు అడుగుల దూరంలోని దీపం వెలగడానికి సంకేతం సుదూర ప్రయాణం చేయవలసి వస్తుంది. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా పని ఆగిపోతుంది.

రెండవ మార్గం మ్యాటర్. కొత్తగా కొనే పరికరాలను మ్యాటర్ గుర్తుతో కొంటూ, పాతవాటిని వాటి బ్రిడ్జి ద్వారా చేర్చడం. ఎక్కువ కుటుంబాలకు ఇదే అనువైన మార్గం.

మూడవ మార్గం ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరు పెట్టుకుని, అందులో హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నడపడం. 2013లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద నిపుణులు అభివృద్ధి చేస్తున్నారు. వైఫై, జిగ్బీ, జెడ్-వేవ్, మ్యాటర్, కె.ఎన్.ఎక్స్. వంటి వ్యవస్థలన్నింటినీ ఇది ఒకే తెరపైకి తీసుకురాగలదు. జిగ్బీ, జెడ్-వేవ్ కోసం యూఎస్‌బీ రేడియో విడిగా అమర్చాలి. దీనిని నిర్వహించడానికి కొంత సాంకేతిక ఆసక్తి, సమయం కావాలి. ఇంట్లో ఒక్కరికే తెలిసిన వ్యవస్థ వారు ఊరెళ్లినప్పుడు మిగిలినవారికి భారమవుతుంది కనుక, వివరాలను ఒక పుస్తకంలో రాసిపెట్టడం మేలు.

ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో నడిచే ఫ్యాన్లు, దీపాల విషయంలో ఆ సంకేతాలను అనుకరించే ఐఆర్ బ్లాస్టరు ఉపయోగపడుతుంది. కానీ అది ఏకపక్ష సంభాషణ. ఆజ్ఞ పంపుతుందే తప్ప, దీపం నిజంగా వెలిగిందో లేదో దానికి తెలియదు.

బిల్డరు అమర్చిన వ్యవస్థ ఉంటే

ఖరీదైన ఫ్లాట్లలో బిల్డరే కె.ఎన్.ఎక్స్. లేదా డాలీ వ్యవస్థను అమర్చి ఉండవచ్చు. డాలీ అనేది ఐ.ఈ.సి. 62386 ప్రమాణానికి లోబడిన దీపాల నియంత్రణ పద్ధతి. ఒక్కో తీగ వరుసపై 64 దీపాల నియంత్రికల వరకు విడివిడిగా గుర్తించగలదు. ఈ రెండూ ఒక సంస్థకు పరిమితం కాని బహిరంగ ప్రమాణాలు కనుక, గేట్‌వే అనే పరికరం ద్వారా స్మార్ట్ స్పీకర్లతోనూ, ఇతర వ్యవస్థలతోనూ కలపవచ్చు.

కె.ఎన్.ఎక్స్. విషయంలో కొనుగోలుదారు మరువకూడనిది ప్రాజెక్టు ఫైలు. ఏ మీట ఏ దీపాన్ని నియంత్రించాలన్న వివరమంతా ఇ.టి.ఎస్. అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఆ ఫైలులో ఉంటుంది. అది లేకపోతే చిన్న మార్పుకు కూడా మొత్తం అమరికను తిరిగి రూపొందించవలసి రావచ్చు. ఫ్లాటు తాళాలు అందుకునే రోజే ఆ ఫైలును, దాని పాస్‌వర్డును, వైరింగ్ నక్షాను బిల్డరు నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

బహుళ అంతస్తుల భవనాలలో వైఫై రద్దీ

పక్కపక్కనే వందల ఫ్లాట్లున్న టవర్లలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ కిక్కిరిసి ఉంటుంది. వైఫై, జిగ్బీ, థ్రెడ్, బ్లూటూత్ అన్నీ అక్కడే పనిచేస్తాయి. దీపం ఒకసారి స్పందించి మరొకసారి స్పందించకపోవడానికి ఇది ఒక కారణం. వైఫైని 1, 6, 11 ఛానళ్లలో తక్కువ రద్దీ ఉన్న దానిపై స్థిరంగా ఉంచాలి. హబ్ అనుమతిస్తే జిగ్బీని 25వ ఛానల్‌కు మార్చవచ్చు. అది వైఫై 11వ ఛానల్‌కు ఎగువన ఉంటుంది. హబ్‌ను రౌటరుకు ఆనించి కాకుండా మీటరు, రెండు మీటర్ల దూరంలో ఉంచాలి. చాలా వైఫై బల్బులు 5 గిగాహెర్ట్జ్ పట్టీని గుర్తించవు. జతచేయడం విఫలమైతే ఫోన్‌ను 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు మార్చి ప్రయత్నించాలి.

కరెంటు పోయి వస్తే?

వేసవిలో రాజధాని విద్యుత్ వినియోగం పరాకాష్ఠకు చేరుతుంది. 2024 జూన్ 19న ఢిల్లీ గరిష్ఠ డిమాండు 8,656 మెగావాట్లుగా నమోదైంది. అటువంటి రోజులలో స్థానిక అంతరాయాలు, జనరేటరుకు లేదా ఇన్వర్టరుకు మారే క్షణికమైన విరామాలు సహజం. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంట్లోని స్మార్ట్ బల్బులన్నీ ఒక్కసారిగా పూర్తి కాంతితో వెలగడం చాలామందికి అనుభవమే. విద్యుత్ తిరిగి వచ్చినప్పుడు దీపం ఏ స్థితిలో ఉండాలో నిర్ణయించే ఐచ్ఛికం చాలా యాప్‌లలో ఉంటుంది. దానిని మునుపటి స్థితికి అని మార్చుకుంటే నిద్రాభంగం తప్పుతుంది. రౌటరును, హబ్‌ను ఇన్వర్టరు లైనుపై ఉంచితే నెట్‌వర్క్ కూడా నిలకడగా ఉంటుంది.

సంస్థ మూతపడితే, పాస్‌వర్డు బయటపడితే

సర్వరుపై పూర్తిగా ఆధారపడిన పరికరం ఆయుష్షు ఆ సంస్థ చేతిలో ఉంటుంది. రివాల్వ్ అనే హబ్‌ను తయారుచేసిన సంస్థను నెస్ట్ కొనుగోలు చేసిన తరువాత, 2016 మే నెలలో ఆ సేవను నిలిపివేయడంతో హబ్‌లు నిరుపయోగమయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా సంస్థ సర్వర్లు ముందస్తు సమాచారం లేకుండా ఆగిపోయి, యాప్ ద్వారా నియంత్రణ నిలిచిపోయింది. తరువాత వినియోగదారుల బృందం ఒకటి ఆ సంస్థను కొని సేవలను పునరుద్ధరించింది. ఇంటర్‌నెట్ లేకుండా కూడా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ప్రాధాన్యం ఇందువల్లనే.

భద్రత మరొక ముఖ్యమైన కోణం. ఢిల్లీలోని టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021 ఆగస్టులో ఇంటర్‌నెట్ ఆధారిత గృహోపకరణాల భద్రతకు ఆచరణ నియమావళిని విడుదల చేసింది. అందులో 13 మార్గదర్శకాలున్నాయి. అన్ని పరికరాలకూ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డు ఉండరాదన్నది వాటిలో మొదటిది. భద్రతా లోపాలను తెలియజేసే మార్గం ఉండాలనీ, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలనీ కూడా అది సూచిస్తుంది. వినియోగదారులు తమ వంతుగా డిఫాల్ట్ పాస్‌వర్డులను మార్చాలి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు పరికరాలను ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. పాత యజమాని ఫోన్ నుంచి కొత్తవారి దీపాలు నడిచే పరిస్థితి ఉండకూడదు.

కొనే ముందు అడగవలసినవి

ముందుగా ఇంట్లో ఉన్న పరికరాలను గదుల వారీగా కాగితంపై రాసుకోవాలి. ఏది వైఫై, ఏది జిగ్బీ, దేనికి ఏ హబ్, ఏ బోర్డులో న్యూట్రల్ ఉన్నదో ఆ జాబితాలో ఉండాలి. చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్ టోకు మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఆ జాబితా చేతిలో ఉంటే అనవసరపు ఖర్చు తగ్గుతుంది. మ్యాటర్ గుర్తు ఉన్నదా, ఇంటర్‌నెట్ లేకుండా పనిచేస్తుందా, గోడ స్విచ్చుతో కూడా నడుస్తుందా, వారంటీ ఇక్కడ వర్తిస్తుందా అని దుకాణదారును అడగాలి. మొదట ఒకే గదికి సరిపడా కొని, వారం రోజులు వాడి చూసి, ఆ తరువాతే మిగిలిన గదులకు విస్తరించడం శ్రేయస్కరం. కలిసి పనిచేస్తుందని ప్రకటించి అమ్మిన పరికరం పనిచేయకపోతే, విక్రేత స్పందించని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు. రసీదును, ప్రకటన ప్రతిని భద్రపరచుకోవాలి.

తొలగించిన పాత పరికరాలను చెత్తబుట్టలో వేయకుండా అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రాలకే అప్పగించాలి. ఇక మిగిలిన వ్యవస్థను పరీక్షించడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. రౌటరును ఆపివేసి, ఫోన్‌ను పక్కన పెట్టి, ఇంట్లో అందరికంటే పెద్దవారిని దీపం వెలిగించమనాలి. గోడ మీది మీట నొక్కగానే దీపం వెలిగితే అమరిక సవ్యంగా ఉన్నట్లే. వెలగకపోతే మరో కొత్త పరికరం కొనే ముందు సరిచేయవలసినది అదే.